చెప్పుల్లేకుండా కరాటే చేస్తుంటే అరికాళ్లకి బొబ్బలు, ఇంకో 20 రోజుల్లో బెల్టు టెస్టు. ఏం చెయ్యాలి?

వేదాయపాళెం_అమ్మ:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వేదాయపాళెం. మా పాపకి 9 ఏళ్లు, కరాటే క్లాసుకి తీసుకెళ్లి అది అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని ఎదురుచూడటం ఎందుకని రెండు నెలల కిందట నేనూ చేరిపోయాను. నాకు 36. క్లాసు ఒక అపార్ట్‌మెంటు మేడ మీద జరుగుతుంది, సాయంత్రం 5:30 నుంచి 7 దాకా, వారానికి నాలుగు రోజులు. చాలా ఇష్టంగా నేర్చుకుంటున్నాను, అందుకే మానెయ్యమని మాత్రం ఎవరూ చెప్పకండి.

సమస్య ఏంటంటే ఎడమ అరికాల్లో బొటనవేలి కింద ఉబ్బెత్తుగా మెత్త ఉంటుంది కదా, సరిగ్గా దాని మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. కుడికాలికీ ఉంది కానీ చిన్నది, శనగగింజంత. పోయిన మంగళవారం మవాషి కిక్కులు, అంటే ఒంటికాలి మీద తిరుగుతూ పక్క నుంచి తన్నేవి, ఒక్కో కాలికి 50 చొప్పున చేయించారు. 30 దాటేసరికి అరికాల్లో నిప్పు పెట్టినట్టు మంట మొదలైంది, అందరూ చేస్తున్నారు కదా అని నేనూ ఆపలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే తోలు తెల్లగా ఉబ్బి నీళ్లు నిండి ఉంది, వేలితో నొక్కితే నీళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. అంతకు ముందు వారం కూడా ఒకటి వస్తే పిన్నీసుతో పొడిచి తోలు పీకేశాను, లోపల ఎర్రగా పచ్చిగా బయటపడి నాలుగు రోజులు మడమ మీదే నడవాల్సి వచ్చింది.

మాస్టారేమో కాళ్లు రాటుదేలాలంటే ఇవి తప్పవు, మూడు నెలలు ఓర్చుకోండి అంటారు. మా అత్తగారు పసుపు, కొబ్బరినూనె కలిపి పట్టించమంటారు. పక్కింటామె సూదికి దారం ఎక్కించి బొబ్బలో ఇటునుంచి అటు దూర్చి ఆ దారం అట్లే వదిలెయ్యమంది, పొలం పనుల్లో చేతులకి బొబ్బలు లేస్తే వాళ్ల ఊళ్లో అలాగే చేస్తారట. మెడికల్ షాపు అబ్బాయి పౌడర్ డబ్బా ఇచ్చాడు, చెమటకి అది ముద్దలు కట్టి ఇంకా చిరాకుగా ఉంది. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

చెప్పడం మర్చిపోయాను, నేల గరుకు సిమెంటు. సాయంత్రమైనా ఎండకి కాలుతూనే ఉంటుందని క్లాసుకి పావుగంట ముందు అందరం బకెట్లతో నీళ్లు చల్లుతాం.

ఒంగోలు_డోజో:

అక్కా, మీరు చివర్లో మర్చిపోయానని రాసిన ఆ ఒక్క ముక్కలోనే అసలు సంగతి ఉంది. నేను ఒంగోల్లో 18 ఏళ్లుగా షోటోకాన్ అనే రకం కరాటే నేర్పిస్తున్నాను, మొదట్లో మేమూ ఇట్టాగే మేడ మీద నీళ్లు పోసి చేసేవాళ్లం, ఒక వేసవిలో మా బ్యాచ్‌లో సగం మందికి బొబ్బలు లేచాక గానీ నాకు అర్థం కాలేదు.

బొబ్బ అనేది తోలు పైపైన అరిగి వచ్చేది కాదు. మీరు కాలు తిప్పేటప్పుడు లోపల ఎముక తిరుగుతుంది, పై తోలు మాత్రం నేలని పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది, ఆ రెంటి మధ్యలో ఉన్న పొరలు ఒకటి అటు ఒకటి ఇటు లాగుడు పడి లోపలే చీలిపోతాయి, ఆ చీలికలోకి నీరు ఊరుతుంది. మోచేతి మీద ఎంత రుద్దినా తోలు గీరుకుపోతుందే గానీ బొబ్బ లేవదు, అరచేతికీ అరికాలికీ అయితే ఇట్టే లేస్తుంది, అక్కడ పై పొర మందంగా గట్టిగా ఉంటుంది కాబట్టి. ఇప్పుడు తడి సంగతి చూడండి. బాగా పొడిగా ఉన్న తోలు నేల మీద జారుతుంది. నీళ్లు ధారగా ఉన్నా జారుతుంది. మధ్యస్తంగా చెమ్మగా ఉన్నప్పుడే పట్టేస్తుంది. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడి చేసుకుంటాం కదా పట్టు దొరకాలని, మీ అరికాలికి మేడ మీద సరిగ్గా అదే జరుగుతోంది. దానికి తోడు కింద నుంచి వేడి, మీ చెమట, గరుకు సిమెంటు. ఇన్ని కలిస్తే తోలు మెత్తబడి నాని ఉంటుంది, 30 కిక్కులు కూడా ఎక్కువే.

కాబట్టి నీళ్లు పొయ్యడం మానొద్దు, కాలిన మేడ మీద చేస్తే అది ఇంకో రకం బొబ్బ. పోసే టైమ్ మార్చండి. నాలుగింటికే పోసేసి, ఒకసారి చీపురుతో నీళ్లు లాగేస్తే 5:30కి చల్లగానూ ఉంటుంది, ఆరిపోయీ ఉంటుంది. క్లాసుకొచ్చేటప్పుడు పాత తువ్వాలు ఒకటి తెచ్చుకుని గోడ పక్కన పెట్టుకోండి, నీళ్లు తాగడానికి వదిలినప్పుడల్లా అరికాళ్లు, వేళ్ల సందులు తుడుచుకోండి. క్లాసుకి ముందు కాళ్లకి నూనె, క్రీము ఏదీ వద్దు. స్నానం చేసి వెంటనే రావడం కూడా మంచిది కాదు, నానిన తోలు ఇట్టే లేస్తుంది.

ఇంకో మాట. ఎడమకాలికి పెద్దది, కుడికాలికి చిన్నది అన్నారు. అంటే కుడికాలితో తన్నే కిక్కుల్లోనే మీకు తిరుగుడు సరిగ్గా రావట్లేదు, ఎందుకంటే కుడికాలు గాల్లో ఉన్నప్పుడు తిరగాల్సింది ఎడమ పాదం. కొత్తవాళ్లు చాలామంది మడమ నేలకి ఆనించే ఉంచి, లేదా ఒళ్లు బరువంతా ముందు పాదం మీద వేసేసి, అప్పుడు తిప్పుతారు. అది తిరగడం కాదు, రోట్లో పొత్రం తిప్పినట్టు అరికాలిని నేలకేసి రుబ్బడం. మోకాలు పైకి లేచేటప్పుడే ఒళ్లు కొంచెం పైకి తేలుతుంది చూడండి, ఆ క్షణంలో మడమ ఎత్తి పాదం తిప్పేసుకోవాలి. పాదం తిరిగాక తన్ను వెళ్లాలి. నడుము తిరిగితే పాదం దాని వెంటే వస్తుంది, పాదంతో నడుముని తిప్పబోతే తోలు పోతుంది. ఇంట్లో టైల్స్ మీద సాక్సు వేసుకుని, ఒక చెయ్యి గోడకి ఆనించి, తన్నకుండా తిరుగుడు ఒక్కటే మెల్లగా 20 సార్లు చెయ్యండి. రెండు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

మీ మాస్టారు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు, అరికాలు గట్టిపడుతుంది. కానీ అది కొంచెం కొంచెంగా రాపిడి పడితే గట్టిపడేది. బొబ్బ లేచిందంటే ఆ రోజుకి హద్దు దాటేశామని అర్థం, పైగా తోలు ఊడిపోయిన చోట కొత్తగా వచ్చేది పల్చటి లేత తోలు. మొదటికే వస్తాం. నిప్పు పెట్టినట్టు మంట అన్నారే, అదే హెచ్చరిక, అప్పటికింకా బొబ్బ పూర్తిగా లేవలేదు. ఆ నిమిషంలో పక్కకొచ్చి, తుడుచుకుని, ఆరబెట్టి, టేపు వేసుకుంటే ఆగిపోతుంది. నా క్లాసులో 7 ఏళ్ల పిల్లలకి కూడా మొదటి వారమే చెప్తాను, మంట పుడితే చెయ్యెత్తి బయటికి రండి, ఎవరూ ఏమీ అనరని.

కావలి_నర్సు:

నేను కావలిలో స్టాఫ్ నర్సుని, 11 ఏళ్లుగా రోజూ డ్రెస్సింగులు చేస్తున్నాను. బొబ్బ ఎందుకొచ్చిందో పై అన్న బాగా చెప్పారు, లేచినదాన్ని ఏం చెయ్యాలో నేను చెప్తాను.

ముందు ఆ దారం సంగతి. దయచేసి ఆ పని చెయ్యకండి. నీరు కారిపోవాలని దారం వదులుతారు, కానీ నీరు బయటికొచ్చే దారిలోనే బయటి మురికి లోపలికి పోతుంది. చెప్పుల్లేకుండా మేడ మీద తిరిగే కాలికి అది అసలు వద్దు.

బొబ్బ పైన ఉన్న తోలుకి మించిన కట్టు లేదు. దాని కింద శరీరం తన పని తాను చేసుకుపోతుంది, సుమారు 5 రోజుల్లో లోపల కొత్త పొర తయారవుతుంది. కుడికాలిది శనగగింజంత అన్నారు, దాన్ని ముట్టుకోకండి, నీరు మెల్లగా ఇంకిపోతుంది. ఎడమకాలిది పెద్దది, బరువు మోసే చోట ఉంది, వదిలేస్తే నడకలో దానంతటదే పగిలి తోలు చిరుగుతుంది కాబట్టి నీరు తియ్యొచ్చు. చేతులు, కాలు సబ్బుతో కడుక్కోండి. పిన్నీసు వద్దు, మెడికల్ షాపులో ప్యాకెట్లో ఉండే కొత్త ఇంజెక్షన్ సూది తెచ్చుకోండి. బొబ్బ మీద స్పిరిట్ తుడిచి ఆరనివ్వండి. నడిమధ్యలో కాదు, అంచు దగ్గర రెండు మూడు చోట్ల చిన్నగా గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా అదిమితే నీరు దిగిపోతుంది. తోలు పీకొద్దు, అలాగే కిందికి పరిచెయ్యండి. దాని మీద పల్చగా వాజిలిన్, పైన గాజుగుడ్డ, దాని మీద టేపు. మర్నాటికి మళ్లీ నీరు నిండొచ్చు, కంగారు పడకుండా మళ్లీ అదే పద్ధతిలో తియ్యండి. కట్టు రోజూ మార్చాలి, తడిస్తే అప్పటికప్పుడు మార్చాలి. లోపల నీరు కాకుండా రక్తం కనపడితే మాత్రం గుచ్చకండి.

తోలు ఇప్పటికే ఊడిపోయిన చోట సబ్బు నీళ్లతో కడిగి, వాజిలిన్ రాసి, అతుక్కోని గాజుగుడ్డ పెట్టి కప్పి ఉంచండి. గాలి తగిలితే త్వరగా ఎండిపోతుందని తెరిచి వదిలేస్తారు చాలామంది, ఎండిపోయి బిరుసెక్కి మళ్లీ పగులుతుంది. నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోసుకోవద్దు, పుట్టే కొత్త చర్మాన్ని కూడా అది కాలుస్తుంది.

పసుపు గురించి. అత్తగారి మాట కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ వంటింటి డబ్బాలో పసుపు పచ్చిపుండు మీద పెడితే గడ్డకట్టి అతుక్కుంటుంది, కడగబోతే కొత్త తోలు దాంతో పాటే లేచొస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, పసుపు పూసిన చోట చుట్టూ ఎరుపు పాకుతోందో లేదో కంటికి కనపడదు. మేం చూసేది ఆ ఎరుపునే. చుట్టూ ఎరుపు రోజురోజుకీ పెరగడం, ముట్టుకుంటే వేడి, చీము, ఎర్రటి చార పైకి పాకడం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఇంటి వైద్యం ఆపేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే అది కూడా ఇప్పుడే వేయించుకోండి.

కర్రసాము_టంగుటూరు:

నర్సమ్మ చెప్పిన ఎర్ర చార సంగతి నా కాలి మీదే చూశాను కాబట్టి రాస్తున్నా. మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు బ్యారన్ పక్కనున్న ఖాళీ స్థలంలో సాయంత్రాలు కర్రసాము చేస్తాం. మట్టి నేల, కాబట్టి మీకు లేచినంత బొబ్బలు మాకు లేవవు, మట్టి కాలితో పాటు కొంచెం జరుగుతుంది, సిమెంటు జరగదు. కానీ ఒకసారి లేచి పగిలిందంటే మాకు కష్టం ఎక్కువ. నాలుగేళ్ల కిందట బొటనవేలి కింద ఒకటి పగిలింది, గుడ్డ పేలిక కట్టి మర్నాడు కూడా సాము చేశాను, అదే చోట సర్కారు తుమ్మ ముల్లు కూడా గీరుకుంది. మూడో రోజు పొద్దున లేచేసరికి చీలమండ దాటి ఎర్రగీత, గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ళ, చలిజ్వరం. వారం రోజులు ఇంజెక్షన్లు, మాత్రలు, నెల రోజులు కర్ర ముట్టలేదు. ఒక్క రోజు ఆగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు నేను పాటించేది ఒకటే, తోలు తెరుచుకుని ఉంటే నేల మీదికి దిగను. ఆ రోజు కూర్చుని చేతి తిప్పుళ్లు మాత్రం చేస్తాను. మీరు కూడా నాలుగైదు రోజులు పంచ్‌లు, బ్లాకులు నిలబడిన చోటే చెయ్యండి, కాటా, అంటే ముందే కుదిర్చిన కదలికల వరస, మనసులో చెప్పుకుంటూ మెల్లగా నడవండి, తిరుగుళ్లు ఆపండి. ఆదివారం మైపాడు బీచికి పోయి ఇసకలో పరిగెత్తితే కాళ్లు గట్టిపడతాయని ఎవరైనా చెప్తే ఇప్పుడు మాత్రం వద్దు, తడి ఇసక గీరుడు బొబ్బ మీద ఉప్పుకాగితం లాంటిది. మానాక పొండి, ముందు పది నిమిషాలు, తర్వాత పావుగంట.

దర్గామిట్ట_వాకర్:

మధ్యలో వచ్చి అడుగుతున్నాను, ఏమనుకోకండి. నాకు 52, షుగర్ ఉంది, మనవడితో పాటు నేనూ కరాటే కదలికలు కొన్ని చేస్తుంటాను. నిన్న అరికాలికి బొబ్బ ఉందని నా భార్య చూసి చెప్పిందే గానీ నాకు నొప్పే తెలియలేదు. నేనూ సూదితో తీసుకోవచ్చా?

కావలి_నర్సు:

వద్దు సార్. మీరు సూది ముట్టుకోవద్దు, రేపే మీ డాక్టర్‌కి చూపించండి. నొప్పి తెలియలేదంటే అది మంచి గుర్తు కాదు, షుగర్ వల్ల పాదంలో నరాల స్పర్శ తగ్గి ఉండొచ్చు. స్పర్శ లేని కాలికి మంట అనే హెచ్చరిక రాదు, పుండు లోతుకి పోయేదాకా తెలియదు. ఆయన చూసి చెప్పేదాకా ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని తిరగండి, చెప్పుల్లేకుండా కసరత్తు ఆపండి. రోజూ రాత్రి అరికాళ్లు అమ్మగారికి చూపించండి, ఆమె చూడబట్టే ఇది బయటపడింది.

మాగుంట_నాన్న:

మా అమ్మాయి టైక్వాండో, ఐదేళ్లుగా. టేపు సంగతి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను, మేం బాగా కష్టపడి నేర్చుకున్నది ఇదే.

బూట్లేసుకునేవాళ్లు బొబ్బ మీద చిన్న ముక్క అంటిస్తే సరిపోతుంది. చెప్పుల్లేని కాలికి ఆ ముక్క రెండు నిమిషాల్లో అంచు లేచి చుట్ట చుట్టుకుపోతుంది, ఆ చుట్టే మళ్లీ కొత్త బొబ్బ తెస్తుంది. కాబట్టి టేపు పాదం చుట్టూ తిరగాలి. ముందు స్పిరిట్‌తో జిడ్డు తుడిచి ఆరనివ్వాలి. బొబ్బ ఉన్న చోట గాజుగుడ్డ ముక్క చిన్నది పెట్టాలి, లేకపోతే టేపు తీసేటప్పుడు బొబ్బ తోలు దాంతో పాటే వచ్చేస్తుంది, మాకు రెండుసార్లు అలాగే అయింది. తర్వాత టేపుని పాదం పై నుంచి మొదలుపెట్టి కింద మెత్త మీదుగా తీసుకొచ్చి మళ్లీ పైన ముగించాలి, అంటే మొదలు, చివర రెండూ పాదం పై భాగంలోనే ఉండాలి, అరికాల్లో అంచు ఉండకూడదు. ఆ టేపు వెనక్కి జారకుండా ఇంకో సన్నటి పట్టీ బొటనవేలి చుట్టూ ఒక చుట్టు తిప్పి దీనికి కలపాలి. ఎక్కడా మడత ఉండకూడదు. వేసేటప్పుడు కాలు నేలకి ఆనించి వేళ్లు విప్పార్చి ఉంచాలి, కాలు గాల్లో పెట్టి వేస్తే నిలబడగానే బిగుసుకుపోతుంది, వేలు నీలంగా మారితే వెంటనే తీసెయ్యాలి.

ఏ టేపు అంటే, 2016లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్ల అధ్యయనం ఒకటి వచ్చింది, రోజుల తరబడి అంచెలంచెలుగా పరుగెత్తే 128 మంది పాదాలకి మామూలు పేపర్ టేపు వేసి చూశారు, వేసిన చోట బొబ్బలు 40 శాతం తక్కువ. హాస్పిటల్లో సెలైన్ సూది కదలకుండా వేస్తారే, ఆ టేపే. అయితే వాళ్లు బూట్లలో పరుగెత్తారు, మన సిమెంటు మీద పేపర్ టేపు ఒక్కటే నిలవదు. మేం లోపల పేపర్ టేపు, దాని మీద తెల్ల గుడ్డ టేపు, జింక్ ఆక్సైడ్ ప్లాస్టర్ అని అడిగితే ఇస్తారు, అది వేస్తాం. చెమట ఎక్కువ పట్టే పిల్లలకి టింక్చర్ బెంజాయిన్ చుట్టూ పూసి ఆరాక టేపు వేస్తే క్లాసంతా ఊడదు. అది పచ్చిపుండు మీద మాత్రం పడకూడదు, భరించలేనంత మంట. తీసేటప్పుడు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెల్లగా తియ్యండి.

మ్యాట్లు కొనే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. ఒకదానికొకటి ఇరికించి పరిచే కొత్త పజిల్ మ్యాట్ల మీద గీతల్లాగా గరుకు ఉంటుంది, మొదటి నెల అవి కూడా సిమెంటులాగే పట్టేస్తాయి. మా అమ్మాయికి అన్నిటికన్నా పెద్ద బొబ్బ లేచింది మ్యాట్లు కొత్తగా వేసిన వారమే. మ్యాట్లు వచ్చాయి కదా అని కిక్కులు పెంచకండి.

వేదాయపాళెం_అమ్మ:

12 రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా దండాలు.

నర్సు గారు చెప్పినట్టే కొత్త సూదితో నీరు తీశాను, మర్నాడు మళ్లీ కొంచెం నిండింది, మళ్లీ తీశాను, మూడో రోజు నుంచి రాలేదు. తోలు అలాగే ఉంచాను. ఆరో రోజుకి పై తోలు ఎండి అట్టలాగా అయింది, కింద గులాబీ రంగులో కొత్తది కనిపించింది, నొక్కితే నొప్పి లేదు. పోయినసారి తోలు పీకేసినప్పుడు ఎంత నరకం పడ్డానో తలచుకుంటే ఇంత తేలిగ్గా మానిందా అనిపించింది. అత్తగారికి ఎరుపు కనపడదనే కారణం చెప్పాను, ఆమె వెంటనే ఒప్పుకున్నారు, పైగా రోజూ ఆమే కళ్లద్దాలు పెట్టుకుని చూసి చెప్పేవారు.

మాస్టారితో మాట్లాడటానికి రెండు రోజులు మొహమాటపడ్డాను. చివరికి ఒంగోలు అన్న రాసింది ఫోన్లోనే చూపించాను. మొత్తం చదివి, సరే నాలుగింటికే పోయిద్దాం అన్నారు. వాచ్‌మన్‌కి చెప్పి పోయిస్తున్నారు. మేడ ఆరి ఉంటోంది, పిల్లల్లో కూడా ఇద్దరు ముగ్గురికి మంట తగ్గిందట. సాక్సు వేసుకుని గోడ పట్టుకుని తిరుగుడు రోజూ చేస్తున్నాను. మడమ లేవట్లేదని నాకు తెలియలేదు, మా పాప వెనక నిలబడి "అమ్మా మడమ, అమ్మా మడమ" అంటూ ఉంటుంది, అన్నప్పుడల్లా చూసుకుంటే నిజంగానే ఆనించి ఉంటుంది. నిన్న 40 కిక్కులు చేశాను, మంట లేదు.

ఇంకొక్క సందేహం. ఇప్పుడు అక్కడ తోలు గట్టిపడి ఆనెకాయలాగా అవుతోంది, దాని అంచు ఒక పక్క లేచి బట్టకి తగులుకుంటోంది. టెస్టుకి ముందు బ్లేడుతో కోసేసి నున్నగా చేసుకోనా?

ఒంగోలు_డోజో:

బ్లేడు వద్దక్కా. ఆ గట్టి తోలు మీరు సంపాదించుకున్నది, అది ఉండాలి, కాకపోతే పల్చగా సమంగా ఉండాలి. ఒక పక్క మందంగా పెరిగితే దాని అంచు నేలకి తట్టుకుని మొత్తం లేచిపోతుంది, లేదా దాని కిందే బొబ్బ కడుతుంది, ఆ బొబ్బ లోతుగా ఉంటుంది, నీరు తియ్యడం కూడా కష్టం. లేచిన అంచు వరకు గోళ్ల కత్తెరతో కత్తిరించెయ్యండి, లాగొద్దు. వారానికి రెండుసార్లు స్నానం అయ్యాక, కాళ్లు రుద్దుకునే రాయితో నాలుగైదు సార్లు మెల్లగా రుద్దండి, చేత్తో తడిమితే పక్క తోలుకీ దానికీ మెట్టు తెలియకూడదు, అంతవరకే. రాత్రి పడుకునేటప్పుడు వాజిలిన్ రాసుకోండి, ఎండిపోతే పగుళ్లొస్తాయి. టెస్టుకి ముందు రెండు రోజులు మాత్రం రాయి ముట్టుకోవద్దు.

ముందురోజు క్లాసులో కిక్కులు సగానికి తగ్గించండి. టెస్టు రోజు టేపు ఇంట్లోనే వేసుకుని, మేడ మెట్ల దాకా చెప్పులు వేసుకునే వెళ్లండి. నేను చూసిన బెల్టు టెస్టుల్లో కాలికి టేపు ఉందని ఎవరూ మార్కులు తగ్గించలేదు. తువ్వాలు మర్చిపోకండి, పాప సంచిలో కూడా ఒక టేపు చుట్ట పడెయ్యండి.